బోరు పుస్తకం

అనంతపురం జిల్లాలో ఒక ఊరు. చెరువు నిండి మరవ పారిన సంగతి ముసలివాళ్లకే గుర్తు. బావులు అడుగంటాక ఊరంతా బోర్ల మీద పడింది. బోరు వేయించాలంటే నీళ్లు ఎక్కడున్నాయో ముందు చూడాలి. అలా చూడడానికి ఆ ఊళ్లో ఒక తాత ఉండేవాడు.

ఆయన పద్ధతి చుట్టుపక్కల పది ఊళ్లకూ తెలుసు. పొద్దు పొడవకముందే తలస్నానం చేసి, పిలక ఉన్న టెంకాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని, చెప్పులు లేకుండా చేనంతా నడిచేవాడు. ఆ సేపు ఎవరితోనూ మాట్లాడడు. ఒకచోటికి వచ్చేసరికి టెంకాయ మెల్లగా కదిలి, లేచి, నిటారుగా నిలబడేది. అక్కడ మడమతో గుర్తు పెట్టి, నాలుగు రాళ్లు పేర్పించి, "ఈడ ఏయించు నాయనా" అనేవాడు. తీసుకునేది ఆకూ వక్కా, ఇచ్చినంత డబ్బు. ఎవరినీ ఇంత ఇమ్మని అడిగిన మనిషి కాదు. టెంకాయ లేచేటప్పుడు తన చెయ్యే కదులుతోందన్న అనుమానం ఆయనకు ఎన్నడూ రాలేదు. ఇందులో మోసమేమీ లేదు. ఆయన నిజంగానే నమ్మేవాడు.

నీళ్లు పడిన బోరు కథ ఊరంతా తిరిగేది. ఫలానావాళ్ల చేన్లో తాత చెప్పినచోట 200 అడుగులకే మూడించుల నీళ్లు ఎగదన్నాయని టీ అంగడి దగ్గర ఏళ్ల తరబడి చెప్పుకునేవాళ్లు. పడని బోరు కథ ఇల్లు దాటేది కాదు. పెళ్లాం నగలు కుదువ పెట్టి దుమ్ము లేపిన మనిషి ఆ సంగతి నలుగురిలో చెప్పుకోడు కదా. ఎవరైనా కడుపుమంటతో తాతనే అడిగితే, ఆయన దగ్గర జవాబు ఉండేది. బండివాడు తొందరపడి రెండు రాడ్ల ముందే ఆపేశాడు. గుర్తు పెట్టినచోటికి జానెడు పక్కన దింపాడు. ఆ రాత్రి తిథి మంచిది కాదు. ఒక్కోసారి, "నీళ్లు ఉన్నాయి నాయనా, నీ యోగం ల్యా" అని నిట్టూర్చేవాడు. ఏ జవాబూ అబద్ధం చెప్పాలని చెప్పింది కాదు. బోరు ఎండిపోయాకే ఆ కారణం ఆయనకు తోచేది. తోచిన క్షణం నుంచి అది ముందునుంచీ తెలిసినట్టే ఉండేది.

ఆ ఊరి పాల కేంద్రంలో లెక్కలు రాసే కోడలొకతె ఉంది. పొద్దునా సాయంత్రమూ ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, వెన్న శాతం ఎంత వచ్చింది అని రాయడమే ఆమె పని. వాళ్లింట్లో మూడు బోర్లు పోయాయి. మూడోది ఆమె గొలుసుతో పాటు పోయింది. ఆ కోపం తాత మీద చూపించలేదు. ఒకరోజు సాయంత్రం పాలు పోసుకోవడం అయ్యాక తాత ఇంటికి వెళ్లింది.

"తాతా, మా చిన్నమామ చేన్లో పాయింటు పెడతాండావంట కదా. ఎన్నడుగులకు నీళ్లు పడతాయో, ఎన్నించులు వస్తాయో బోరు బండి రాకముందే చెప్తావా? రాసుకుంటా."

"ఏంటికమ్మీ రాసేది? నా మాట మీద నమ్మకం ల్యాదా?"

"నీ మాట మీద ఉంది తాతా. నా గుర్తు మీదే ల్యాదు. పొద్దున నువ్వెన్ని లీటర్లు పోసినావో సాయంత్రానికి నేను చెప్పలేను. పుస్తకం తీస్తేనే చెప్తా. పాలకే రాసుకుంటాండామే, లచ్చలు పోసే బోరుకు రాసుకోకపోతే ఎట్ల?"

తాత కాసేపు ఆలోచించి, "280 అడుగులు, రెండించులు" అన్నాడు. ఆమె 200 పేజీల నోటుబుక్కులో గీతలు కొట్టి రాసింది. తేదీ, ఎవరి చేను, చేను ఎటువైపు, పాయింటు పెట్టింది ఎవరు, ఎన్నడుగులకు చెప్పారు, ఎన్నించులు చెప్పారు. ఆ పక్కన రెండు గడులు ఖాళీగా వదిలింది. తాత చేత సంతకం పెట్టించింది. రాసినదాన్ని చెరిపేది లేదని, మార్చాలంటే కొట్టేసి పక్కన తేదీ వేసి మళ్లీ రాయాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. పుస్తకానికి పురికొస కట్టి, వెన్న చూసే మిషను పక్కన మేకుకు తగిలించింది. పాలు పోయడానికి వచ్చినవాళ్లెవరైనా తీసి చూసుకోవచ్చు.

బోరు బండి రాత్రిపూట వచ్చింది. రాడ్డు తర్వాత రాడ్డు దిగుతోంది. తెల్లటి దుమ్ము చేనంతా కమ్ముకుంది. 280 అడుగుల దగ్గర చిన్నమామ గుప్పెడు మట్టి చేతిలోకి తీసుకుని పిసికి చూశాడు. పొడి. 400 దగ్గర పొడే. అడుగు అడుగుకూ రేటు పెరుగుతోంది. తెల్లవారుజామున 560 దగ్గర మట్టి తడిసింది, తర్వాత సన్నటి ధార వచ్చింది. అరించు. అందరూ ఒక్కసారి కేకలు పెట్టారు. పొద్దెక్కేసరికి టీ అంగడి దగ్గర మాట సిద్ధమైపోయింది: తాత పాయింటు తప్పదు.

ఖాళీ గడులు నింపడానికి ఆమె పుస్తకం తీసేసరికి తాత అక్కడే ఉన్నాడు. ఆయన ముఖమూ వెలిగిపోతోంది. ఆమె ఏమీ అనకుండా పేజీ ఆయన వైపు తిప్పింది. తన సంతకం పైన తన మాటే ఉంది. రాత్రంతా చేను గట్టు మీదే ఉన్న మనిషికి తాను 280 అన్న సంగతి అప్పుడు గాని గుర్తు రాలేదు. నీళ్లు పడతాయని చెప్పాను, పడ్డాయి, అంతవరకే ఆయన మనసులో మిగిలింది.

"560కి అరించు అని రాయి" అన్నాడు. కాసేపటికి, "నేను చెప్పినట్ల పడలేదని కూడా రాయమ్మీ" అన్నాడు. దానికి పుస్తకంలో గడి లేదు. ఆమె అంచున రాసింది.

తర్వాత అన్ని బోర్లూ రాయడం మొదలుపెట్టింది. ఎండినవాళ్లు మొదట చెప్పడానికి ఇష్టపడలేదు. తన ఇంటి మూడు బోర్లూ మొదటి పేజీకి ముందు ఖాళీలో పాత లెక్కగా విడిగా రాసి చూపించాక ఒక్కొక్కరే నోరు విప్పారు. తాతను పిలవకుండా, బండి నిలబెట్టడానికి వీలున్నచోట వేయించుకున్నవాళ్ల బోర్లూ రాసింది. దీనికి తాత కొడుకు గొడవకు వచ్చాడు. పక్క ఊళ్లో నీళ్లు చూసే ఇంకొకాయన, రాస్తే గంగమ్మ పక్కకు తప్పుకుంటుందని చెప్పి ఏదీ రాయనివ్వలేదట. జనం ఆయన దగ్గరికి పోతున్నారట. "నీ పుస్తకం వల్ల మా నాయన పేరు పోతాంది" అన్నాడు. అది నిజమే. రాసుకున్న మనిషి తప్పులు కనిపిస్తున్నాయి, రాసుకోని మనిషివి కనిపించడం లేదు. ఆమె దగ్గర దానికి జవాబు లేదు. తాతే కొడుకును కసిరి పంపేశాడు.

రెండేళ్లు గడిచాయి. పుస్తకంలో 41 బోర్లు చేరాయి. తాత పాయింటు పెట్టినవి 24, నీళ్లు పడినవి 9. ఎవరూ పెట్టనివి 17, పడినవి 6. ఇద్దరూ కూర్చుని వేళ్ల మీద లెక్కేసుకున్నారు. టెంకాయ ఉన్నా లేకున్నా దాదాపు ఒకటే. తాత చాలాసేపు మాట్లాడలేదు. ఆమె అంతటితో ఆపలేదు. చేను ఎటువైపు అన్న గడిని బట్టి మళ్లీ లెక్కేసింది. పడిన పదిహేనులో పన్నెండు చెరువు కింది చేలవి. గుట్ట వైపు వేసినవి 14, ఒక్కదాంట్లోనూ నీళ్లు లేవు. ఇన్నేళ్లూ ఊరంతా టెంకాయ వైపు చూసింది, నేల ఏటవాలు వైపు ఎవరూ చూడలేదు.

ఆ ఎండాకాలంలో గుట్ట వైపు రైతొకడు అప్పు తెచ్చుకుని, సంచిలో టెంకాయ పెట్టుకుని తాత దగ్గరికి వచ్చాడు. తాత అతన్ని చేనికి తీసుకుపోలేదు. పాల కేంద్రానికి తీసుకుపోయి పుస్తకం విప్పాడు. "నా చేతిలో టెంకాయ లేస్తాది నాయనా. నీ చేన్లో కూడా లేస్తాది. అయినా నీళ్లు ల్యావు. ఈడ చూడు, 14 మంది." రైతు నమ్మలేదు. పక్క ఊరాయన దగ్గరికి పోయాడు, వేయించాడు, దుమ్ము లేచింది. ఆమె దాన్నీ రాసింది. గుట్ట వైపు పదిహేనోది. ఆ మరుసటి వారం గుట్ట వైపు ఇంకో రైతు ఎవరినీ అడగకుండా నేరుగా పాల కేంద్రానికి వచ్చి, మేకు మీది పుస్తకం తీసి, నిలబడే చదువుకున్నాడు.

నీతి

ఈ కథలో దొంగ లేడు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ మాట మీదే ఆధారపడి ఉంది. పరిశోధనలో పారదర్శకత అనగానే దొంగలను పట్టుకునే ఏర్పాటు అనుకుంటారు. దొంగలు దొరుకుతారు, నిజమే. కానీ పుస్తకం మొదట కాపాడేది తాతలాంటి నిజాయితీపరుడిని, ఆయన జ్ఞాపకం నుంచే.

మనస్తత్వశాస్త్రం గత పదిహేనేళ్లుగా ఈ పాఠం నేర్చుకుంటోంది. 2011లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన డారిల్ బెమ్ ఒక పెద్ద వ్యాసం ప్రచురించాడు. తొమ్మిది ప్రయోగాలు, వెయ్యిమందికి పైగా విద్యార్థులు. ఒక ప్రయోగంలో కంప్యూటర్ తెర మీద రెండు పరదాలు కనిపిస్తాయి. బొమ్మ దేని వెనక ఉందో విద్యార్థి చెప్పాలి. అతను చెప్పాకే కంప్యూటర్ బొమ్మకు చోటు ఎంచుతుంది. ఊరికే చెబితే వందకు యాభై సరిపోవాలి. శృంగార చిత్రాల విషయంలో మాత్రం 53.1 శాతం సరిపోయాయని, మనిషికి రాబోయేది ముందే అందుతోందని బెమ్ రాశాడు. అచ్చువేసింది ఆ రంగంలో అగ్రశ్రేణి పత్రిక, జర్నల్ ఆఫ్ పర్సనాలిటీ అండ్ సోషల్ సైకాలజీ. అందరూ వాడే పద్ధతులే ఆయనా వాడాడు. చదివినవాళ్లను కలవరపెట్టింది అదే. ఆ పద్ధతులతో భవిష్యత్తు కూడా కనిపిస్తే, వాటితోనే తేల్చిన మిగతా సంగతుల మాటేమిటి?

స్టూవర్ట్ రిచీ, రిచర్డ్ వైజ్‌మన్, క్రిస్ ఫ్రెంచ్ అనే ముగ్గురు బ్రిటన్‌లో ఆ తొమ్మిదింటిలో ఒకదాన్ని మూడుచోట్ల మళ్లీ చేశారు. ఏమీ రాలేదు. ఆ సంగతి రాసి అదే పత్రికకు పంపితే, పాత ప్రయోగాన్ని మళ్లీ చేసినవి తాము వేయమని తిప్పి పంపింది. 2012లో వేరే పత్రికలో వచ్చింది. నీళ్లు పడిన కథ టీ అంగడి దగ్గర తిరుగుతుంది, పడనిది ఇల్లు దాటదు అన్నది ఇక్కడ అక్షరాలా జరిగింది. ఈ జబ్బుకు రాబర్ట్ రోజెంతాల్ 1979లోనే 'ఫైల్ డ్రాయర్' సమస్య అని పేరు పెట్టాడు. ఫలితం వచ్చిన ప్రయోగం పత్రికకు చేరుతుంది, రానిది బల్ల సొరుగులో ఉండిపోతుంది. చదివేవాడికి మొదటిదే కనిపిస్తుంది.

సొరుగు ఒక్కటే అయితే బాగుచేయడం తేలికయ్యేది. తాత మనసులో 280 అన్న మాట చెరిగిపోయినట్టే, పరిశోధకుడి మనసులోనూ జరుగుతుంది. దీన్ని అందరికీ అర్థమయ్యేలా చూపించింది జోసెఫ్ సిమన్స్, లీఫ్ నెల్సన్, ఉరి సైమన్సన్ 2011లో రాసిన వ్యాసం. వాళ్లు విద్యార్థులకు పాటలు వినిపించారు. కొందరికి బీటిల్స్ పాడిన 'వెన్ ఐయామ్ సిక్స్టీ-ఫోర్', కొందరికి మామూలు వాద్య సంగీతం. లెక్క కట్టి చూస్తే బీటిల్స్ పాట విన్నవాళ్ల వయసు దాదాపు ఏడాదిన్నర తగ్గింది. పాట విని చిన్నవాళ్లయ్యామని చెప్పుకోవడం కాదు, పుట్టిన తేదీని బట్టి కట్టిన వయసే తగ్గినట్టు గణాంకాలు తేల్చాయి. జరగడానికి వీల్లేని సంగతి. అయినా అంకెలన్నీ నిజమైనవే, ఒక్కటీ దిద్దలేదు. ఎలా వచ్చిందో ఆ తర్వాత వాళ్లే విప్పి చెప్పారు. ఎంతమందిని తీసుకోవాలో ముందు అనుకోలేదు, మధ్యమధ్యలో లెక్క చూసుకుంటూ పోయారు. మూడో పాట కూడా వినిపించారు, దాన్ని రాయలేదు. చాలా ప్రశ్నలు అడిగారు, తండ్రి వయసును లెక్కలో కలిపితే ఫలితం వచ్చింది కాబట్టి దాన్ని ఉంచారు. ఒక్కో నిర్ణయం విడిగా చూస్తే ఎవరూ తప్పు పట్టరు. ఇలాంటి వెసులుబాట్లు నాలుగు కలిస్తే, నూటికి ఐదు మాత్రమే రావలసిన తప్పుడు ఫలితాలు 61 దాకా పెరుగుతాయని అదే వ్యాసంలో చూపించారు.

ఫలితం చూశాక ఊహ పుట్టించుకుని, అది ముందునుంచీ ఉన్నట్టు రాయడం గురించి నార్బర్ట్ కెర్ 1998లోనే హెచ్చరించాడు. అలా రాసేవాడు అబద్ధమాడుతున్నానని అనుకోడు. రెండేళ్లు ఒక ప్రయోగంతో గడిపినవాడికి వచ్చిన ఫలితం అలవాటైపోతుంది, మొదట ఏమనుకున్నాడో మసకబారిపోతుంది. ఇది మనిషి జ్ఞాపకం పనిచేసే తీరు. దాన్ని ప్రపంచానికి వివరించింది మనస్తత్వశాస్త్రమే. తన పాఠాన్ని తన మీద ప్రయోగించుకోవడానికే దానికి ఇంతకాలం పట్టింది.

2015లో ఆ ఖాళీ గడులు నింపారు. వర్జీనియాలో బ్రయాన్ నోసెక్ నడిపే సెంటర్ ఫర్ ఓపెన్ సైన్స్ ఆధ్వర్యంలో 270 మంది పరిశోధకులు మూడు పేరున్న పత్రికల నుంచి 100 ప్రయోగాలు తీసుకుని మళ్లీ చేశారు. మొదటిసారి వాటిలో 97 శాతం గట్టి ఫలితం చూపించాయి. రెండోసారి 36 శాతమే. మొత్తం మీద ప్రభావం కూడా సగటున సగానికి తగ్గింది. రానివన్నీ అబద్ధాలని దీనికి అర్థం కాదు. మనుషులు, దేశాలు, కాలం మారితే కొన్ని మారతాయి. కానీ 97కూ 36కూ మధ్య దూరాన్ని అవి మాత్రమే వివరించలేవు.

మందు ఏమిటంటే కోడలు చేసిందే. ప్రయోగానికి ముందే ఊహ ఏమిటి, ఎంతమంది, ఏ కొలత, ఏ లెక్క అని రాసి, తేదీతో సహా ఎవరూ చెరపలేనిచోట పెట్టాలి. ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్ అనే ఉచిత వేదిక మీద ఇది చేయవచ్చు. దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకుపోయినవాడు క్రిస్ చాంబర్స్. 2013 నుంచి కార్టెక్స్ పత్రికలో రిజిస్టర్డ్ రిపోర్ట్ అనే పద్ధతి తెచ్చాడు. ప్రయోగం చేయకముందే ప్రణాళికను పత్రికకు పంపాలి. ప్రశ్న మంచిది, పద్ధతి గట్టిది అనిపిస్తే, ఫలితం ఎటు వచ్చినా అచ్చువేస్తామని పత్రిక మాట ఇస్తుంది. తాత కొడుకు అన్న మాటకు కోడలి దగ్గర లేని జవాబు ఇదేనని నాకనిపిస్తుంది. నీళ్లు పడినా పడకపోయినా చూసినవాడి కష్టానికి గౌరవం ఉంటే, రాసుకున్న మనిషి పక్క ఊరివాడితో పోటీ పడి ఓడిపోనక్కర్లేదు. 2021లో ఆన్ షీల్, ఆమె సహచరులు రెండు రకాల వ్యాసాలను పక్కపక్కన పెట్టి చూశారు. మామూలు వ్యాసాల్లో మొదటి ఊహ నిజమైంది 96 శాతం, రిజిస్టర్డ్ రిపోర్టుల్లో 44 శాతం. రంగం ఒకటే, మనుషులు అలాంటివాళ్లే. ముందే రాయించారు, ఫలితం ఎటు వచ్చినా అచ్చువేస్తామన్నారు. పెద్ద తేడా అదే.

ఈ పద్ధతికి పాత మూలం ఒకటుంది, తెలుగువాళ్లకు దగ్గరిదే. మనిషికి అతీంద్రియ శక్తులున్నాయా అని పరీక్షించే పరామనోవిజ్ఞానాన్ని మనవాళ్లకు పరిచయం చేసింది విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం. అమెరికాలో అలాంటి పరీక్షలు నడిపిన జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చిన కోనేరు రామకృష్ణారావు 1960ల్లో అక్కడ దానికి ఒక శాఖే ఏర్పరచాడు. తర్వాత రైన్ సంస్థకూ, ఆంధ్ర విశ్వవిద్యాలయానికీ కూడా ఆయన సారథి అయ్యాడు. సాటి శాస్త్రవేత్తల అనుమానం మధ్య పెరిగిన రంగం కాబట్టి, లెక్క చూపించాల్సిన అవసరం దీనికి ముందే వచ్చింది. ఫలితం వచ్చినవే ఎంచి అచ్చువేయకూడదని ఆ రంగపు అంతర్జాతీయ సంఘం 1975లోనే తీర్మానించుకుంది. 1970ల నడుమ నెదర్లాండ్స్‌లో మార్టిన్ జాన్సన్ యూరోపియన్ జర్నల్ ఆఫ్ పారాసైకాలజీ మొదలుపెట్టి, ప్రయోగానికి ముందే ప్రణాళిక చూసి వ్యాసం తీసుకునే వీలు కల్పించాడు. చాంబర్స్ కన్నా ముప్పై ఏళ్లకు పైగా ముందు. ఆ పత్రిక పాత సంచికలను వైజ్‌మన్, కరోలిన్ వాట్, డయానా కోర్న్‌బ్రోట్ 2019లో లెక్కేశారు. ముందుగా నమోదు చేయని వ్యాసాల్లో దాదాపు 28 శాతం పరీక్షలు ఫలితం చూపించాయి, నమోదు చేసినవాటిలో 8 శాతం చిల్లర. ఊరికే జరిగినా 5 రావాలి. మిగతా శాస్త్రాలు చిన్నచూపు చూసిన రంగం వాటికన్నా ముందు పుస్తకాన్ని మేకుకు తగిలించింది. నాకు ఆ మనుషుల మీద గౌరవం పెరిగింది అందుకే.

పుస్తకం తప్పులు బయటపెట్టడంతో ఆగదు. చూడాల్సినచోటికి చూపు తిప్పుతుంది. వ్యక్తిత్వ వికాస తరగతుల్లో వినిపించే మార్ష్‌మాలో కథ చాలామందికి తెలిసే ఉంటుంది. స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ చిన్నపిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, కాసేపు తినకుండా ఆగితే రెండోది ఇస్తానన్నాడు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో ముందున్నారని 1990లో రాశారు. ఆ మాటను పట్టుకుని నాలుగేళ్ల పిల్లల నిగ్రహానికి శిక్షణ ఇచ్చేవాళ్లు బయలుదేరారు. 2018లో టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హావోనాన్ క్వాన్ 900 మందికి పైగా పిల్లల లెక్కలు చూశారు. ఆ సంబంధం సగానికి తగ్గింది. ఇంటి పరిస్థితి, తల్లి చదువు, పిల్లవాడి తొలినాళ్ల తెలివితేటలు లెక్కలోకి తీసుకుంటే అందులోనూ మూడింట రెండువంతులు పోయింది. పిల్లవాడు ఏ ఇంట్లో పుట్టాడన్నదే ఎక్కువ పనిచేస్తోంది. మిఠాయి దగ్గర ఆగలేకపోయాడని నాలుగేళ్లవాడిని తక్కువ చేసి చూడడం ఎంత అన్యాయమో తల్లిదండ్రులు ఆలోచించాలి. తప్పుడు పాయింటుకు ఖర్చుపెట్టేది ఎప్పుడూ పాయింటు పెట్టినవాడు కాదు.

ముందు రాయడం ఒక సగం. అంకెలు అందరికీ చూపించడం రెండో సగం. జెల్టె విఖెర్ట్స్ బృందం 141 వ్యాసాల రచయితలను మీ డేటా పంపండని అడిగితే 73 శాతం మంది పంపలేదని 2006లో రాసింది. అడిగితే ఇస్తామని వృత్తి నియమాల ప్రకారం ఒప్పుకున్నవాళ్లే వాళ్లంతా. సైకలాజికల్ సైన్స్ పత్రిక 2014లో, డేటా బయటపెట్టిన వ్యాసాల మీద చిన్న గుర్తు వేయడం మొదలుపెట్టింది. అంతకుముందు 3 శాతం లోపు ఉన్నది ఏడాదిన్నరలోపే 39 శాతానికి చేరింది. డబ్బు కాదు, పదవి కాదు, వ్యాసం నెత్తిన ఒక బొమ్మ. మనుషులు దాచాలని దాచడం లేదు, చూపించినందుకు గుర్తింపు లేక చూపించలేదు అని దీన్నిబట్టి నేననుకుంటున్నాను.

డేటా బయటపెడితే ఏం జరుగుతుందో ఒక్క ఉదాహరణ. దరఖాస్తు చివర కాకుండా మొదట్లోనే సంతకం పెట్టిస్తే జనం నిజం రాస్తారని 2012లో ఒక వ్యాసం వచ్చింది. అందులో ఒక భాగం కారు బీమా ఖాతాదారుల లెక్క, తమ కారు ఎన్ని మైళ్లు తిరిగిందో వాళ్లు రాసిచ్చిన అంకెలు. ప్రభుత్వాలు కూడా ఆ సలహా మీద ఆసక్తి చూపించాయి. 2020లో ఆ రచయితలే మళ్లీ చేసి చూసి, రావడం లేదని రాసి, పాత డేటాను కూడా బయట పెట్టారు. మరుసటి ఏడాది కొందరు పరిశోధకులు దాన్ని తెరిచి చూశారు. నిజమైన కార్లయితే ఎక్కువ భాగం మధ్యరకంగా తిరుగుతాయి, కొన్ని తక్కువ, కొన్ని చాలా ఎక్కువ. ఇక్కడ సున్నా నుంచి 50,000 మైళ్ల వరకు అన్ని అంకెలూ సమానంగా పరుచుకున్నాయి, 50,000 దాటి ఒక్క కారూ లేదు. సగం అంకెలు ఒక రకం అచ్చులో, సగం ఇంకో రకంలో ఉన్నాయి. డేటా కల్పితమని తేలింది, వ్యాసం ఉపసంహరించారు. తొమ్మిదేళ్లు ఎవరి కంటా పడనిది, తెరిచి పెట్టిన ఏడాదికి బయటపడింది.

సంస్కరణ తెచ్చినవాళ్లకూ ఇందులో మినహాయింపు లేదు. ముందస్తు నమోదు, పెద్ద నమూనాలు, పూర్తి పారదర్శకత పాటిస్తే ఫలితాలు మళ్లీ మళ్లీ నిలబడతాయని 2023 నవంబరులో నేచర్ హ్యూమన్ బిహేవియర్‌లో ఒక వ్యాసం వచ్చింది. రాసినవాళ్లలో నోసెక్, నెల్సన్ కూడా ఉన్నారు. దాని ముఖ్యమైన విశ్లేషణనే ముందు నమోదు చేయలేదని విమర్శకులు చూపించారు. పరిశోధన మొదట దేని కోసం తలపెట్టారో, వ్యాసంలో చెప్పింది దానితో సరిపోలేదు. 2024 సెప్టెంబరులో పత్రిక దాన్ని ఉపసంహరించింది. ఇది విని సంస్కరణంతా వట్టిదే అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పాత కాగితాలన్నీ తేదీలతో సహా వాళ్లే బహిరంగంగా పెట్టారు కాబట్టే విమర్శకులకు అవి దొరికాయి. తాత పేజీ తిప్పి తన సంతకం చూసుకున్నట్టే, పుస్తకం తెరిచి పెట్టినవాళ్ల మాటను ఆ పుస్తకమే సరిచేసింది.

అన్నీ తెరిచి పెట్టడం ఎప్పుడూ సాధ్యం కాదు. దిగులుతో డాక్టరు దగ్గరికి వచ్చిన మనిషి మాటలను, ఊరూ వయసూ కులమూ ఉద్యోగమూ కలిపి బయటపెడితే, పేరు తీసేసినా ఆ ఊరివాళ్లు గుర్తుపట్టేస్తారు. అలాంటిచోట డేటా కాకపోయినా, ఏం అడిగారు, ఎలా లెక్కేశారు, ఎందరిని వదిలేశారు, ఎందుకు వదిలేశారు అన్నవి చూపించవచ్చు. ఎందుకు చూపించలేదో కూడా రాయవచ్చు.

మన దేశంలో మందుల పరీక్షలకు ఈ క్రమశిక్షణ వచ్చింది. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా 2007లో మొదలైంది. 2009 జూన్ నుంచి కొత్త మందును మనుషుల మీద పరీక్షించాలంటే ముందు అందులో నమోదు చేయాల్సిందే. మనస్తత్వ ప్రయోగాలకు అలాంటి నిర్బంధం లేదు. నిర్బంధం కోసం ఆగనక్కర్లేదు కూడా. ఎం.ఏ. సైకాలజీ చేస్తున్న విద్యార్థి తన డిసర్టేషన్ ప్రణాళికను ప్రశ్నపత్రం పంచకముందే ఒక పేజీలో రాసి, ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్‌లో పెట్టడానికి ఒక పూట చాలు, రూపాయి ఖర్చు లేదు. అసలు మారాల్సింది వైవా గదిలో కూర్చునే పెద్దలు. 'రిజల్ట్ రాలేదు సార్' అన్న విద్యార్థికి మార్కులు కోస్తే, తర్వాతి బ్యాచి పక్క ఊరాయన దారే పడుతుంది. అడగాల్సినవి వేరే ఉన్నాయి: ముందు ఏం రాశావు, అలాగే చేశావా, ఎక్కడ మార్చావు, ఎందుకు మార్చావు, ఆ పేజీ చూపించు.